రక్త క్యాన్సర్ తిరగబెట్టాక కాంబినేషన్ ట్రయల్: చేరే ముందు కాగితాలు చదవడం ఎలా?

"వాడుతున్న మందుకి ఇంకో మందు కలిపి ఇస్తారట, ట్రయల్ అంటున్నారు. చేరమంటారా?"

లుకేమియా, లింఫోమా, మైలోమా తిరగబెట్టిన వాళ్ల ఇళ్ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. చేరాలా వద్దా అన్నది బయటివాళ్లు తేల్చే విషయం కాదు, మీ హెమటాలజిస్టుతో (రక్త జబ్బుల డాక్టర్) కూర్చుని మీరే తేల్చుకోవాలి. అయితే అలా కూర్చునే ముందు, చేతికిచ్చిన ఆ కాగితాల కట్టలో ఏం వెతకాలో, ఏ అంకె దగ్గర ఆగి మళ్లీ చదవాలో తెలిసి ఉంటే డాక్టర్ని అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. రెండు మందులు కలిపితే రిపోర్టులు మెరుగుపడటం చాలాసార్లు జరిగేదే. మెరుగుపడినవాళ్లు ఎక్కువకాలం బతికారా అన్నది విడిగా చూడాలి. కింద చెప్పేదంతా ఈ రెంటినీ విడదీసి చూడటానికే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- జబ్బు పూర్తి పేరు, రకంతో సహా. "బ్లడ్ క్యాన్సర్" అని రాసుకుంటే ఎందుకూ పనికిరాదు. ఏఎంఎల్, ఏఎల్ఎల్, సీఎల్ఎల్ (మూడూ లుకేమియా రకాలు), మైలోమా, లింఫోమాలో ఫలానా రకం అని ఉండాలి.
- ఇప్పటిదాకా జరిగిన చికిత్సల జాబితా: ఏ మందు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది. ఆఖరి గడి అన్నిటికంటే ముఖ్యం. జబ్బు పెరిగి ఆపారా, పడక ఆపారా, కోర్సు పూర్తయి ఆపారా అన్నదాన్ని బట్టి అర్హత మారిపోతుంది.
- జబ్బు తిరగబెట్టిన తర్వాత చేసిన బోన్ మారో, ఫ్లో సైటోమెట్రీ, క్రోమోజోమ్, మ్యుటేషన్ రిపోర్టులు.
- కిడ్నీ, లివర్ పరీక్షలు, గుండె ఎకో, ఈసీజీ, హెపటైటిస్ బీ పరీక్ష.
- ఇప్పుడు వేసుకుంటున్న ప్రతి మాత్ర. మూలికలు, పొడులు, విటమిన్లు కూడా రాయండి. "అవి మందులు కావు కదా" అని వదిలేసేవే తర్వాత ఇబ్బంది పెడతాయి.
- ట్రయల్ సమ్మతి పత్రం, దాని రిజిస్ట్రేషన్ నంబరు. అంతర్జాతీయ రిజిస్ట్రీలో అది ఎన్‌సీటీ అనే మూడు అక్షరాల తర్వాత 8 అంకెలుగా ఉంటుంది.
- పెన్ను, నోటుపుస్తకం. డాక్టర్ గదిలో విన్నది బయటికి వచ్చేసరికి సగం గుర్తుండదు. వీలైతే ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి.

1. తిరగబెట్టిందా, మొండికేసిందా?

మామూలు మాటల్లో రెండూ ఒకటే అనిపిస్తాయి, ట్రయల్ కాగితాల్లో కావు. మైలోమాలో మందు వాడుతుండగానే, లేదా ఆఖరి డోసు తర్వాత 60 రోజుల్లోపు జబ్బు పెరిగితే ఆ మందుకి మొండికేసినట్టు లెక్క. సీఎల్ఎల్‌లో ఆ గడువు 6 నెలలు. ఏఎంఎల్‌లో పూర్తిగా తగ్గిన తర్వాత మూలుగలో (బోన్ మారో) బ్లాస్టు కణాలు, అంటే ఎదగని కణాలు, మళ్లీ 5 శాతానికి చేరినా, రక్తంలో మళ్లీ కనిపించినా తిరగబెట్టినట్టే.

దీనివల్ల పని ఏమిటంటే, మైలోమాకి వాడే లెనాలిడొమైడ్‌కి మీ జబ్బు మొండికేసి ఉంటే, లెనాలిడొమైడ్ ఆధారంగా నడిచే ట్రయల్‌లో మీకు చోటు దొరకకపోవచ్చు. దొరికినా, పోల్చే గ్రూపులో పడితే అప్పటికే పనిచేయని మందే మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. ఇది చాలామంది చూడని మెలిక.

హెచ్చరిక: పాత మ్యుటేషన్ రిపోర్టు మీద ఆధారపడకండి. మొదటిసారి లేని ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యు మార్పు తిరగబెట్టినప్పుడు కనిపించవచ్చు, ఉన్నది పోనూవచ్చు. కణం పైన ఉండే సీడీ19 అనే గుర్తు మీద పనిచేసే చికిత్స తీసుకున్న ఏఎల్ఎల్‌లో కణాలు ఆ గుర్తునే వదిలేసుకున్న సందర్భాలున్నాయి. గురి లేనప్పుడు దాని మీద పనిచేసే మందు దండగ. "ఇప్పటి శాంపిల్‌లో చూశారా?" అని అడగండి.

2. ట్రయల్ ఏ దశలో ఉందో చూడండి

సమ్మతి పత్రం మొదటి పేజీలోనే ఫేజ్ 1, 2, 3 అని ఉంటుంది.

ఫేజ్ 1లో ప్రధానంగా వెతికేది ఎంత డోసు తట్టుకోగలరు అన్నది. కాంబినేషన్‌లో సాధారణంగా ఒక మందు డోసు కదపకుండా ఉంచి రెండోదాన్ని మెట్లు మెట్లుగా పెంచుతారు. పాతకాలం నుంచి వస్తున్న పద్ధతిలో ముగ్గురికి ఒక డోసు ఇస్తారు. ఎవరికీ తీవ్రమైన ఇబ్బంది రాకపోతే తర్వాతి ముగ్గురికి పై డోసు. ఒకరికి వస్తే అదే డోసు ఇంకో ముగ్గురికి. ఇద్దరికి వస్తే అక్కడ ఆగుతారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక డోసు నిజానికి నూటికి 30 మందిని తీవ్రంగా ఇబ్బంది పెట్టేదే అనుకుందాం. అయినా వరసగా ముగ్గురికీ ఏమీ కాకుండా దాటిపోయే అవకాశం 0.7 × 0.7 × 0.7, అంటే 34 శాతం. మూడింట ఒక వంతు! "ముందు ముగ్గురికి ఏమీ కాలేదు" అన్న మాటకి ఉన్న బరువు అంతే. ఇంకోటి, తీవ్ర ఇబ్బందుల్ని ఎక్కువగా మొదటి 21 లేదా 28 రోజుల్లోనే లెక్కిస్తారు. మూడో నెలలో వచ్చే ఇన్ఫెక్షన్ ఆ లెక్కలోకి రాకపోవచ్చు.

ఫేజ్ 2లో జబ్బు ఎందరిలో తగ్గిందో చూస్తారు. ఫేజ్ 3లో ఇంకో చికిత్సతో పోలుస్తారు. ఫేజ్ 1 అంటే చేరకూడదని కాదు. వేరే దారులు మూసుకుపోయినవాళ్లకి అది సరైన ఎంపికే కావచ్చు. అక్కడ ప్రయోజనం గ్యారంటీ లేదని తెలిసి చేరాలి, అంతే.

3. దేనితో పోల్చారో పట్టుకోండి

మొత్తం చదవడానికి ఓపిక లేకపోతే ఈ మెట్టునీ, తర్వాతి మెట్టునీ మాత్రం వదలకండి.

పోలిక మూడు రకాలుగా ఉంటుంది.

అ) పాత మందులకి కొత్తది జోడించడం. 2016లో వచ్చిన పోలక్స్ ట్రయల్ ఇలాంటిది. తిరగబెట్టిన మైలోమా ఉన్న 569 మందిలో అందరికీ లెనాలిడొమైడ్, డెక్సామెథసోన్ ఇచ్చారు, ఒక గ్రూపుకి అదనంగా డారాటుముమాబ్ కలిపారు. రెండు గ్రూపుల మధ్య తేడా అదొక్కటే కాబట్టి, ఫలితంలో వచ్చిన తేడాని దాని ఖాతాలో వేయవచ్చు. అన్నిటికంటే స్పష్టమైన పోలిక ఇదే.

ఆ) ఒకదాన్ని తీసి ఇంకోటి పెట్టడం. తిరగబెట్టిన సీఎల్ఎల్‌లో 389 మందితో చేసిన మురానో ట్రయల్ ఇలాంటిది. రెండు గ్రూపులకీ రిటుక్సిమాబ్ ఉంది. ఒకరికి దానితో వెనెటోక్లాక్స్, ఇంకొకరికి బెండాముస్టిన్. రెండేళ్లకి జబ్బు పెరగకుండా ఉన్నవాళ్లు వెనెటోక్లాక్స్ గ్రూపులో సుమారు 85 శాతం, రెండో గ్రూపులో 36 శాతం. తేడా పెద్దదే, ఆయుష్షులో కూడా తర్వాత కనిపించింది. అయినా చదివేటప్పుడు గమనించాల్సింది ఒకటుంది: వెనెటోక్లాక్స్ రెండేళ్లు ఇచ్చారు, బెండాముస్టిన్ కోర్సు 6 సైకిళ్లతో ముగిసింది. మందుతో పాటు వాడిన కాలం కూడా వేరు.

ఇ) పోలిక గ్రూపే లేకపోవడం. అందరికీ కాంబినేషన్ ఇచ్చి, "పాత రికార్డులతో పోలిస్తే మెరుగు" అంటారు. ఇది ఆశపెట్టే ఫలితం, అంతవరకే. ట్రయల్‌కి ఎంపికైనవాళ్లు మామూలు పేషెంట్ల కంటే కాస్త గట్టిగా ఉన్నవాళ్లే అయి ఉంటారు.

ఇప్పుడు "రెండూ కలిసి ఒకదాని బలం ఇంకోటి పెంచాయి" అన్న మాట. ఈ మాట వినగానే ఇలా లెక్క వేయండి. మొదటి మందుకి నూటికి 40 మంది, రెండోదానికి నూటికి 30 మంది స్పందిస్తారనుకోండి. రెండు మందులూ ఒకదానికొకటి పిసరంత సాయం చేసుకోకపోయినా, ఇద్దరి అదృష్టాలూ విడివిడిగా నడిచినా, ఏదో ఒకదానికి స్పందించేవాళ్లు:

100 – (60 శాతంలో 70 శాతం) = 100 – 42 = 58 మంది.

కాబట్టి కాంబినేషన్‌లో 58 శాతం వచ్చిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎవరికి ఏది పడుతుందో ముందు తెలియదు కాబట్టి రెండూ వేశారు, అంతే. అలాగని అది పనికిరానిదని కాదు. నెమ్మదిగా పెరిగే జబ్బులో ఒకటి వాడి, ఫలించకపోతే రెండోది వాడటానికి టైమ్ ఉంటుంది. తిరగబెట్టిన ఏఎంఎల్‌లో ఆ టైమ్ ఉండకపోవచ్చు. అప్పుడు రెండూ ఒకేసారి వేయడానికి అర్థం ఉంది. "ఒకదాని తర్వాత ఒకటి ఇస్తే కుదరదా?" అని డాక్టర్ని నేరుగా అడగండి. ఇది మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు, ఈ రంగంలోని వాళ్లే ఒకరినొకరు అడుక్కునే ప్రశ్న.

4. ఫలితాల అంకెలు చదవండి

ముందుగా ఏ ఫలితాన్ని ప్రధానంగా పెట్టుకున్నారో చూడండి. స్పందన శాతమా, జబ్బు పెరగకుండా గడిచిన కాలమా, మొత్తం బతికిన కాలమా? రిజిస్ట్రీ పేజీలో ప్రధాన ఫలితం అనే గడిలో ఉంటుంది. పాత వెర్షన్లు కూడా అక్కడే చూడవచ్చు. మధ్యలో ప్రధాన ఫలితాన్ని మార్చి ఉంటే ఎందుకు మార్చారో అడగాలి.

స్పందన శాతం: ఏఎంఎల్‌లో పూర్తి స్పందన అంటే మూలుగలో బ్లాస్టులు 5 శాతం లోపు, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) 1,000 పైన, ప్లేట్‌లెట్లు లక్ష పైన. కౌంట్లు కోలుకోకుండా బ్లాస్టులు మాత్రం తగ్గితే దానికి వేరే పేరు పెట్టి, చివర్లో అన్నీ కలిపి ఒకే పెద్ద అంకెగా చెబుతారు. 65 శాతం అన్నారా? అందులో కౌంట్లు కోలుకున్నవాళ్లు ఎందరో విడిగా వెతకండి. బయట మామూలుగా తిరగగలిగేది వాళ్లే.

వోసరాక్సిన్ అనే మందుని సైటరబిన్‌తో కలిపి, తిరగబెట్టిన లేదా మొండికేసిన ఏఎంఎల్ ఉన్న 711 మందిలో పరీక్షించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. పూర్తి స్పందన 30 శాతం, సైటరబిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 16 శాతం. దాదాపు రెట్టింపు. బతికిన కాలం మధ్యస్థం (సగం మంది ఇంతకాలం దాటి బతికారు)? 7.5 నెలలు, 6.1 నెలలు. ప్రధాన విశ్లేషణలో ఆ తేడా నిలబడలేదు.

అంతకంటే పాఠం నేర్పేది బెల్లీని ట్రయల్. తిరగబెట్టిన మైలోమా ఉన్న 291 మందికి బోర్టెజోమిబ్, డెక్సామెథసోన్ ఇస్తూ, వాళ్లలో ఒక గ్రూపుకి వెనెటోక్లాక్స్ కలిపారు, ఇంకో గ్రూపుకి ఉత్తుత్తి మాత్ర. జబ్బు పెరగకుండా గడిచిన కాలం 11.5 నెలల నుంచి 22.4 నెలలకి పెరిగింది. ఇంతవరకూ చదివి కాగితం మూసేస్తే బ్రహ్మాండమైన మందు. రెండో పట్టిక తిప్పితే, మరణాలు వెనెటోక్లాక్స్ గ్రూపులోనే ఎక్కువ. 2019 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపించింది.

ఆ పట్టిక చదవడంలోనే ఇంకో మెలిక ఉంది. అప్పటికి ఒక గ్రూపులో 41 మరణాలు, ఇంకో గ్రూపులో 11. నాలుగు రెట్లా? కాదు. ఆ ట్రయల్‌లో ఇద్దరికి ఒకరు చొప్పున పంచారు: ఒక గ్రూపులో 194 మంది, ఇంకో గ్రూపులో 97. అంటే 21 శాతం, 11 శాతం. దాదాపు రెట్టింపు. ఎప్పుడూ తల లెక్క చూడకండి, గ్రూపు సైజుతో భాగించి చూడండి. అదే ట్రయల్‌లో 11, 14 క్రోమోజోముల మధ్య మార్పిడి ఉన్నవాళ్లకి ఈ మందు మేలు చేసే సూచనలు కనిపించాయి. అదే మందు, అదే జబ్బు. ఎవరికి అన్నదే తేడా. మొదట్లోనే మీ రిపోర్టులు తీసి పెట్టుకోమన్నది ఇందుకే.

ఇది ఒక్కసారి జరిగింది కూడా కాదు. 2017 జులైలో మైలోమాలో పెంబ్రోలిజుమాబ్‌ని లెనాలిడొమైడ్, పొమాలిడొమైడ్ తరహా మందులతో కలిపిన ట్రయల్స్‌నీ ఎక్కువ మరణాలు కనిపించడంతో ఆపించారు.

హజార్డ్ రేషియో: 0.63 అని ఉంటే, ఏ సమయంలో చూసినా ప్రమాదం రెండో గ్రూపు కంటే 37 శాతం తక్కువ అని. "నూటికి 37 మంది బతికారు" అని కాదు. ఒకటి కంటే పెద్ద అంకె ఉంటే కాంబినేషన్ వైపే నష్టం ఎక్కువ.

మెట్ల గ్రాఫు: పేపర్‌లో కిందికి మెట్లుగా దిగే రెండు గీతలు ఉంటాయి. అందరి కళ్లూ గీతల మీదే ఉంటాయి, మీరు గ్రాఫు అడుగున ఉన్న సన్నటి అంకెల వరస చూడండి. ఆ సమయానికి ఇంకా లెక్కలో ఉన్నవాళ్లు ఎందరో అక్కడ ఉంటుంది. మూడేళ్ల దగ్గర గీత తిన్నగా సాగుతోంది, కింద చూస్తే నలుగురే ఉన్నారు. ఆ తిన్నటి గీత మీద ఆశలు కట్టకండి.

చిన్న ట్రయల్స్: 20 మందిలో 12 మందికి తగ్గితే 60 శాతం. కానీ అసలు విలువ 36 నుంచి 81 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అలాగే 20 మందిలో ఒక్కరికీ ఫలానా ప్రమాదం రాలేదంటే, ఆ ప్రమాదం సున్నా అని కాదు. 3ని మనుషుల సంఖ్యతో భాగించండి: 3/20, అంటే 15 శాతం దాకా ఉన్నా ఇలా కనిపించకుండా పోవచ్చు.

ట్రాన్స్‌ప్లాంట్: ఏఎంఎల్ ట్రయల్స్‌లో మధ్యలో ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్లినవాళ్లని ఎలా లెక్కించారో అడగండి. కొన్ని విశ్లేషణల్లో ఆ రోజుతో వాళ్ల లెక్క ఆపేస్తారు, కొన్నింటిలో ఆపరు. ఫలితం మారుతుంది.

5. రెండు మందుల దెబ్బా ఒకేచోట పడుతుందా?

1960ల మొదట్లో పిల్లల లుకేమియాకి నాలుగు మందులు కలిపి ఇచ్చినప్పుడు వాటిలో విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోన్ ఉండటం కాకతాళీయం కాదు. అవి మూలుగని పెద్దగా అణచవు, కాబట్టి మిగతా రెంటితో కలిపి పూర్తి డోసు ఇవ్వడానికి వీలైంది. ఇప్పటికీ సూత్రం అదే. ఒక కాగితం మీద రెండు గడులు గీసి, ఒక్కో మందు దుష్ప్రభావాల్ని ఒక్కో గడిలో రాయండి. రెండు గడుల్లోనూ ఉన్నదాని చుట్టూ సున్నా చుట్టండి. డాక్టర్‌తో మాట్లాడాల్సింది ఆ సున్నాల గురించే.

తరచుగా సున్నాలు పడేవి: తెల్లకణాలు పడిపోవడం, ఇన్ఫెక్షన్లు, ప్లేట్‌లెట్లు తగ్గడం, నరాల తిమ్మిరి, ఈసీజీలో క్యూటీ వ్యవధి పెరగడం (గుండె లయ తప్పే ప్రమాదం).

దుష్ప్రభావాలకి 1 నుంచి 5 దాకా గ్రేడు ఇస్తారు. 5 అంటే మరణం. న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువైతే గ్రేడ్ 4. పట్టికలో "అన్ని గ్రేడులు" అనే గడిని వదిలేసి, 3 పైన ఉన్న గడి చదవండి. పక్కనే "దుష్ప్రభావాల వల్ల మందు ఆపేసినవాళ్లు" అని ఇంకో శాతం ఉంటుంది. నా మటుకు నేను మొదట చూసేది అదే. తట్టుకోలేని మందు ఎంత మంచిదైనా లోపలికి వెళ్లదు.

ట్రయల్ మందులతో పాటు మిగతా మాత్రల సంగతి కూడా చూడాలి. ఫంగస్ రాకుండా ఇచ్చే పోసకొనజోల్ వెనెటోక్లాక్స్‌ని శరీరం కరిగించే దారిని అడ్డుకుంటుంది. అందుకే ఏఎంఎల్‌లో రెండూ కలిపి ఇచ్చేటప్పుడు వెనెటోక్లాక్స్ రోజువారీ డోసుని 400 నుంచి 70 మిల్లీగ్రాములకి దించుతారు. గ్రేప్‌ఫ్రూట్ కూడా ఆ దారినే అడ్డుకుంటుంది. ఇక గ్రీన్ టీ సారం మాత్రల్లో ఉండే పదార్థం బోర్టెజోమిబ్‌ని పట్టేసుకుని పనిచేయనివ్వకపోవడం ల్యాబ్ పరీక్షల్లో తేలింది. "ఆరోగ్యానికి మంచిదే కదా" అని ఎవరో ఇచ్చిన డబ్బా తెరవడానికి ముందు డాక్టర్‌కి చూపించండి.

హెచ్చరిక: రిటుక్సిమాబ్, డారాటుముమాబ్ లాంటివి మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ పరీక్ష తప్పనిసరి. లోపల దాక్కున్న వైరస్ మళ్లీ లేవవచ్చు.

6. సంతకానికి ముందు అడగాల్సినవి

నోటుపుస్తకంలో రాసుకుని వెళ్లండి.

- పోల్చే గ్రూపులో పడితే నాకు ఏం ఇస్తారు? అది నేను ఇదివరకు వాడి ఫలించనిదా?
- ట్రయల్ బయట ఉంటే మీరు నాకు ఏం ఇచ్చేవారు?
- జబ్బు పెరిగితే కాంబినేషన్ గ్రూపులోకి మారనిస్తారా?
- ఇది ట్రాన్స్‌ప్లాంట్ దాకా తీసుకెళ్లే వంతెనా, లేక ఇదే చికిత్సా?
- ఎన్నిసార్లు రావాలి, ఎన్నిసార్లు మూలుగ పరీక్ష?
- మందు, పరీక్షలు, ట్రయల్ వల్ల వచ్చిన ఇబ్బందికి వైద్యం: ఒక్కోటి ఎవరు భరిస్తారు?
- మధ్యలో ఫలితాలు చూసే స్వతంత్ర కమిటీ ఉందా?

ఉత్తుత్తి మాత్ర అనగానే టెన్షన్ పడకండి. పైన చెప్పిన బెల్లీనిలో లాగా అది సాధారణంగా అసలు మందుతో పాటు ఇచ్చేది, దాని బదులు కాదు. అయినా మీ పత్రంలో ఎలా ఉందో చదివి నిర్ధారించుకోండి.

ఏ కారణమూ చెప్పకుండా, ఎప్పుడైనా ట్రయల్ నుంచి బయటికి రావచ్చు. 1964లో మొదలైన హెల్సింకీ ప్రకటన నుంచి వస్తున్న హక్కు ఇది. సంతకం పెట్టమని తొందరపెడితే కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదువుతామని చెప్పండి. జబ్బు వేగంగా పెరుగుతుంటే ఆ వ్యవధి ఒక్కరోజే కావచ్చు, అప్పుడు ఈ జాబితాలో మొదటి రెండు ప్రశ్నలైనా అడగండి.

అర్హత రాకపోతే? అదే ఆస్పత్రిలో ఇంకో ట్రయల్, ఇంకోచోట అదే ట్రయల్, ఆమోదం పొందిన వేరే కాంబినేషన్, కణచికిత్స, లేదా బాధ తగ్గించడమే ప్రధానంగా పెట్టుకునే వైద్యం. ఆఖరిది ఓటమిగా చూడటం నాకు నచ్చదు. మిగతా చికిత్స నడుస్తుండగానే ఆ టీమ్‌ని కలవడం మంచిది.

7. మొదలయ్యాక: పనిచేస్తోందో లేదో ఎలా సరిచూడాలి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఒక్క రిపోర్టు చూసి పండగ చేసుకోవడం, లేదా కూలబడటం.

మైలోమాలో ఎం ప్రోటీన్ (జబ్బు కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్): సగానికి తగ్గితే పాక్షిక స్పందన, అదీ వరసగా రెండు పరీక్షల్లో కనిపించాలి. పెరిగిందని చెప్పాలంటే కనిష్ఠం నుంచి 25 శాతం పెరగాలి, దాంతో పాటు డెసిలీటరుకి కనీసం 0.5 గ్రాములు కూడా పెరగాలి. ఉదాహరణకి 3.0 నుంచి 0.4కి దిగి, తర్వాత 0.6 వచ్చింది. శాతంలో చూస్తే 50 పెరిగినట్టే, గ్రాముల్లో 0.2 మాత్రమే. ఇది ఆ లెక్క ప్రకారం జబ్బు పెరగడం కాదు, మళ్లీ పరీక్షించి చూడాల్సిన విషయం. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించండి.

డారాటుముమాబ్ వాడుతుంటే ఇంకో చిక్కు. ఆ మందు కూడా ఒక యాంటీబాడీ కాబట్టి ఎలక్ట్రోఫోరిసిస్ (ఎం ప్రోటీన్ పరీక్ష) పట్టీలో చిన్న గీతగా అదే కనిపించవచ్చు. ఐజీజీ కప్పా రకం మైలోమా ఉన్నవాళ్లలో జబ్బు మిగిలిందా, మందు కనిపిస్తోందా అన్నది తేల్చడానికి విడిగా పరీక్ష ఉంది. అడగండి. రక్తం ఎక్కించే ముందు చేసే క్రాస్‌మ్యాచింగ్‌ని కూడా ఇది తికమక పెడుతుంది. మందు మొదలవకముందే బ్లడ్ గ్రూపు, యాంటీబాడీ స్క్రీన్ చేయించి ఆ కాగితం పర్సులో పెట్టుకోండి. ఆఖరి డోసు తర్వాత 6 నెలల దాకా దానితో పని పడవచ్చు.

సీఎల్ఎల్‌లో ఇబ్రుటినిబ్ తరహా మందు ఉంటే మొదటి వారాల్లో లింఫోసైట్లు పెరుగుతాయి. గడ్డలు కరుగుతూ, మనిషి తేలికపడుతూ ఉంటే అది కణాలు గడ్డల్లోంచి రక్తంలోకి రావడమే. ఒక్క కౌంటు చూసి మందు ఆపేయకండి.

ఏఎంఎల్‌లో ఐడీహెచ్ మందులు, గిల్టెరిటినిబ్, మెనిన్ మందులు ఉన్నప్పుడు జ్వరం, ఆయాసం, ఒక్కసారిగా బరువు పెరగడం, తెల్లకణాలు పెరగడం కనిపిస్తే డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ (ఈ మందుల వల్ల జబ్బు కణాలు ఒక్కసారిగా ఎదగడంతో వచ్చే ప్రమాదం) కావచ్చు. ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది, వైద్యం మాత్రం వేరు. స్టెరాయిడ్ వెంటనే మొదలుపెట్టాలి. రోజూ ఉదయం ఒకే సమయానికి బరువు చూసి రాసుకోవడం చిన్న పనే, కానీ దీన్ని మొదట పట్టిచ్చేది చాలాసార్లు అదే.

ఎంఆర్‌డీ (చికిత్స తర్వాత మిగిలిన కొద్దిపాటి జబ్బు కణాల పరీక్ష): "నెగెటివ్" అన్న మాటతో ఆగకండి, ఎంత లోతు వరకు వెతికారో చూడండి. లక్ష కణాల్లో ఒకటి ఉన్నా పట్టే పరీక్షకీ, పదివేలల్లో ఒకదాన్ని పట్టే పరీక్షకీ చాలా తేడా. శాంపిల్ సంగతి కూడా ఉంది. మూలుగ సూదితో తీసేటప్పుడు మొదట లాగినది ఎంఆర్‌డీకి పంపాలి. తర్వాత లాగేకొద్దీ అందులో మామూలు రక్తం కలిసి పలచబడుతుంది, ఉన్న జబ్బు కూడా లేనట్టు కనిపిస్తుంది. సూది వేసే ముందే "మొదటి శాంపిల్ ఎంఆర్‌డీకి వెళ్తుందా?" అని ఒక్క ముక్క అడిగితే చాలు.

ఇంటికి వచ్చాక ఒక కార్డు మీద ఇవి రాసి ఫోన్ కవర్‌లో పెట్టండి: ట్రయల్ నంబరు, రెండు మందుల పేర్లు, ఆఖరి డోసు తేదీ, రాత్రిపూట కూడా ఎత్తే ట్రయల్ ఫోన్ నంబరు. 38 డిగ్రీల జ్వరం, చలితో వణుకు, ఆయాసం, ఆగని రక్తస్రావం, అయోమయం: వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లి, అక్కడి డాక్టర్‌కి ఆ కార్డు చూపించి, మీరు ఏ మందుల మీద ఉన్నారో ముందు చెప్పండి.